ఏడిపించి తీసిన ఫొటో

సీతారాములు ఫొటో తీస్తుండగా చూసినవాళ్ళెవరూ మర్నాడు పేపర్లో ఆ ఫొటోను నమ్మలేరు. నేను పద్నాలుగేళ్ళు చూశాను. నమ్మకుండానే వాటి కింద రెండేసి వాక్యాలు రాస్తూ జీతం తీసుకున్నాను. కాబట్టి ఆయన గురించి చెప్పేటప్పుడు నన్ను నేను పక్కకు తప్పించుకోవడం కుదరదు.

మా పేపర్‌కు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల దుకాణం పైన జోన్ ఆఫీసు ఉండేది. మలక్‌పేట నుంచి హయత్‌నగర్ దాకా జరిగేదంతా రెండు పేజీల్లో సర్దడం అక్కడి పని. నేను సబ్ ఎడిటర్‌ని, పేరు మధు. మా పైన డెస్క్ ఇన్‌ఛార్జి సాంబమూర్తి గారు. తెనాలి నుంచి వచ్చి ముప్పై ఏళ్ళయినా మాటలో ఆ ఊరిని వదలని మనిషి. బయట ఫొటోలన్నీ సీతారాములువే.

ఆయనది నల్లగొండ దగ్గర పల్లె. ఇంటర్ తప్పి, బస్సెక్కి వచ్చి, చంపాపేటలో ఒక స్టూడియోలో చేరాడు. ఎనిమిదేళ్ళు పాస్‌పోర్టు సైజు ఫొటోలు తీశాడు. "గడ్డం జర పైకి. నవ్వకు. ఆ, గట్లనే." ఈ మాటలు అక్కడే నోటికి పట్టుబడ్డాయి. ఎంతటివాడైనా స్టూలు మీద కూర్చుంటే తను చెప్పినట్టు మెడ తిప్పుతాడని, చెప్పకపోతే మెడ ఎటు పెట్టాలో కూడా తెలియదని ఆయనకు అక్కడే అర్థమైందట. ఆ ఒక్క పాఠంతోనే జీవితమంతా గడిపేశాడు.

పేపర్లోకి ఎలా వచ్చాడో కూడా ఆయనే చెప్పేవాడు, ఏ మాత్రం సిగ్గుపడకుండా. ఒక ఎండాకాలం, మూడు రోజులుగా నీళ్ళ ట్యాంకర్ రాని బస్తీ ఫొటో కావలసి వచ్చింది. అప్పటి ఫొటోగ్రాఫర్‌కు జ్వరం. కబురందుకుని సీతారాములు వెళ్ళేసరికి మధ్యాహ్నం రెండయింది. ఆడవాళ్ళు చూసి చూసి విసిగి, బిందెలను వరసలో వదిలి ఇళ్ళలోకి వెళ్ళిపోయారు. వీధి పొడుగునా ఖాళీ బిందెలు. నెత్తిన ఎండ. మనిషి జాడ లేదు. కళ్ళున్నవాడెవడైనా అదే తీసుకుని వెనక్కి వచ్చేవాడు. సీతారాములు మాత్రం తలుపు తలుపూ కొట్టి పదిమందిని లాక్కొచ్చాడు. బిందెలను గుండ్రంగా పేర్చి, మధ్యలో ఒక ముసలమ్మను నిలబెట్టి, చేతులు రెండూ ఆకాశానికి ఎత్తమన్నాడు.

సాంబమూర్తి గారు ఆ ఫొటో చూసి మురిసిపోయారు. "ఏం కంపోజిషనయ్యా! దేవుణ్ణి నిలదీస్తున్నట్టుంది. రేపట్నుంచి నువ్వే వచ్చెయ్యి."

అలా వచ్చినవాడు పాతికేళ్ళకు పైగా ఉన్నాడు.

నేను చేరిన ఏడాది ఇంటర్ ఫలితాల రోజున ఆయనతో పాటు బయటికి వెళ్ళాను. ఫలితాలు ఇంటర్నెట్‌లో వస్తాయి కాబట్టి ఆ పొద్దున కాలేజీల ముందు ఒక్కరూ లేరు. సీతారాములు పక్క సందులోని లేడీస్ హాస్టల్ గేటు కొట్టి, టిఫిన్ తింటున్న ఆరుగురు అమ్మాయిలను బయటికి పిలిపించాడు. వాళ్ళను వరసగా నిలబెట్టి, రెండు వేళ్ళు చూపిస్తూ ఒక్కసారిగా ఎగరమన్నాడు. చివర నిలబడ్డ అమ్మాయి కదలలేదు.

"సార్, నేను ఫెయిలైన," అంది మెల్లగా.

"ఫొటోల మార్కులు కనబడయి తల్లీ. ఎగురు."

ఆ అమ్మాయి ఎగిరింది. ఎవరిదో చున్నీ ఎవరి మొహానికో అడ్డం పడుతుండటంతో నాలుగుసార్లు ఎగరవలసి వచ్చింది. నాలుగోసారి అందరికంటే ఎత్తుగా ఎగిరింది. కింద ‘విజయోత్సాహం’ అని రాసింది నేనే. సాయంత్రం ఆ పిల్ల ఆఫీసుకు ఫోన్ చేసి, ఊళ్ళో నాన్న పేపర్ చూస్తాడని, ఆ ఫొటో వెయ్యొద్దని బతిమాలింది. పేజీ ప్రింటింగ్‌కు వెళ్ళిపోయిందమ్మా అన్నాను. వెళ్ళలేదు. ఇంకా గంట టైముంది.

పనిలో ఆయన బద్ధకస్తుడు కాడు. ఎంత వానలోనైనా బండి మీద వెళ్ళేవాడు, చెప్పిన టైముకు ఫొటో పంపేవాడు, వెలుతురు ఎటునుంచి పడుతుందో నిమిషంలో పట్టేసేవాడు. అదే నాకు మరింత చీదర కలిగించేది. చేతకానివాడు అబద్ధమాడితే జాలిపడతాం. ఈయనకు చేతనవును. ఉన్నదాన్ని ఉన్నట్టు చూడటమంటేనే ఆయనకు చిన్నతనం. ఎండకు సొమ్మసిల్లిన కూలీ కావాలంటే, శుభ్రంగా బీడీ కాల్చుకుంటున్నవాడి నెత్తి మీద నీళ్ళ సీసా వంపేవాడు. గుంతలు పడ్డ రోడ్డు కావాలంటే, బడికి వెళ్తున్న పిల్లను ఆపి బురదలో అడుగు పెట్టమనేవాడు. ఒకసారి నేను ఉండబట్టలేక అడిగాను, వాళ్ళ మానాన వాళ్ళను వదిలేస్తే ఏం పోతుందని.

"పబ్లిక్‌కు ఏడ్వరాదు మధూ," అన్నాడు లెన్స్ తుడుచుకుంటూ. "నవ్వ గూడ రాదు. మనమే నేర్పియ్యాలె."

ఆయన దగ్గర బాగా నేర్చుకున్నవాడు ఒకడున్నాడు. నాదర్‌గుల్ వైపు ప్లాట్లు అమ్మి పైకొచ్చి, కాలనీలకు నాయకుడిగా చెలామణీ అవుతున్న మహేందర్. ఎల్బీనగర్‌లో ఏ చిన్న పని జరిగినా ఫొటో మధ్యలో ఆయన ఉండేవాడు. మూడేళ్ళ పాటు ఒకే గుంతలో మూడు మొక్కలు నాటాడు. గడ్డపార ఏ చేత్తో పట్టాలి, చెమట ఎప్పుడు తుడుచుకోవాలి అన్నీ సీతారాములే చెప్పేవాడు. ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి గౌరవం లేదు. అవసరం మాత్రం గట్టిగా ఉండేది.

మూడేళ్ళ కిందటి వానాకాలంలో నాలుగు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసింది. ఎల్బీనగర్ వెనక, నాలా పక్కన ఉన్న ఒక బస్తీలోకి నీళ్ళు వచ్చేశాయి. ఆ బస్తీలో అండాలు అనే ఆమె ఉండేది. నాలుగిళ్ళలో పాచిపని చేసుకునేది. భర్త మైసయ్య ట్రాలీ ఆటో నడిపేవాడు. బాటసింగారం మార్కెట్లో బత్తాయిలు ఎత్తుకుని దుకాణాలకు చేరవేసేవాడు. వాన మొదలైన రోజు మార్కెట్‌కు వెళ్ళినవాడు నీళ్ళకు దారి మూసుకుపోయి అక్కడే చిక్కుబడిపోయాడు. ఫోన్ తడిసి పనిచెయ్యకుండా పోయింది.

మూడో రోజు పొద్దున సీతారాములు ఆ బస్తీకి వెళ్ళాడు. మధ్యాహ్నానికల్లా నా కంప్యూటర్‌లోకి ఫొటో వచ్చింది. నడుము లోతు మట్టినీళ్ళలో ఒక ఆడమనిషి. తల మీద తడిసిన బట్టల మూట. నోరు తెరిచి ఏడుస్తోంది. వెనక ఒక ప్లాస్టిక్ కుర్చీ కొట్టుకుపోతోంది. నేను సీతారాములుకు ఫోన్ చేశాను.

"ఎవరీమె?"

"అండాలంట. మొగడు మైసయ్య. కొట్టుకపోయిండు."

"కొట్టుకుపోవడం ఖాయమేనా? ఎవరన్నా చూశారా?"

"అగ్గో, ఏడుస్తుంది గద. ఇంకేం ఖాయం గావాలె నీకు?"

పోలీస్ స్టేషన్‌కు ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. టీ వచ్చింది, తాగాను. తర్వాత, వరదలో కొట్టుకుపోయిన భర్త మైసయ్య కోసం అండాలు గుండెలు పగిలేలా విలపిస్తోందని రాశాను. ఫొటో బాగుందని హెడ్డాఫీసు వాళ్ళు మొదటి పేజీకి తీసుకున్నారు. అన్ని జిల్లాలకూ వెళ్ళింది.

రెండు రోజుల తర్వాత ఉదయం పదకొండింటికి ఒకతను మెట్లెక్కి ఆఫీసులోకి వచ్చాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మట్టి ఎండిపోయి ఉంది. చేతిలో నాలుగు మడతలు పెట్టిన మా పేపర్.

"గీ ఫొటో కింద రాసిందెవరు?" అన్నాడు.

సాంబమూర్తి గారు లేచారు. "ఎవరు కావాలండీ? ముందు కూర్చోండి."

"కూసోను సార్. నేను మైసయ్యను. మీ పేపర్ల సచ్చిపోయిన మైసయ్యను."

నేను నా కుర్చీలోనే ఉండిపోయాను. రాసింది నేనేనని చెప్పలేదు.

"మా అమ్మ ఊళ్లె ఉంటది. తిరుపతమ్మ. బీపీ మనిషి," అన్నాడు మైసయ్య. గొంతు పెంచలేదు. "పక్కింటాయన పేపర్ సదివి ఇనిపిచ్చిండంట. ఆన్నే పడిపోయింది. నల్లగొండ దవాఖానల ఏసిన్రు. ఎడమ చెయ్యి లేస్తలేదు. మా చుట్టాలు ఏడ్సుకుంట బస్సెక్కి వచ్చిన్రు. నేను ఎదురుంగ నిలవడితె నా చెల్లె నన్ను ముట్టి ముట్టి చూస్తున్నది. ఇప్పుడు చెప్పుండ్రి సార్, ఏమనాలె మిమ్మల్ని?"

సాంబమూర్తి గారు నీళ్ళు తెప్పించారు. "పొరపాటు జరిగిందండీ. సవరణ వేస్తాం. రేపే వేస్తాం," అంటూ చేతులు జోడించారు.

సరిగ్గా అప్పుడే సీతారాములు వచ్చాడు. ఎప్పటిలాగే జేబుల చొక్కా, మెడలో కెమెరా. విషయం విని, కాస్త తత్తరపడతాడేమోనని చూశాను. మైసయ్యను కింది నుంచి మీది దాకా చూసి, భుజం తట్టాడు.

"బతికే ఉన్నవా? శభాష్! సార్, గిది మొన్నటి దానికంటె పెద్ద వార్త. పోయిండనుకున్న మొగడు ఇంటికొచ్చిండు. ఇద్దర్ని కలిపి ఒక్కటి తీస్తె..."

మైసయ్య ఆ చేతిని తన భుజం మీద నుంచి తీసి పక్కన పెట్టాడు, బల్ల మీద ఏదో వస్తువు పెట్టినట్టు. సాంబమూర్తి గారి మొహం మాత్రం వెలిగింది. సవరణ వేస్తే పరువు పోతుంది, వార్త వేస్తే పోదు. ఆయన అప్పటికప్పుడు మహేందర్‌కు ఫోన్ చేశారు. వరద బాధితులకు బియ్యం ఇస్తామని ఆ నాయకుడు అప్పటికే మూడు రోజులుగా అంటున్నాడు. మీ ఇంటికే తెచ్చి ఇస్తారని సాంబమూర్తి గారు చెబితే, తల్లి మందుల ఖర్చుతో సతమతమవుతున్న మైసయ్య అవుననీ కాదనీ అనకుండా తల వంచుకున్నాడు.

ఆ సాయంత్రం నన్ను కూడా పంపారు, వార్త రాయమని. ఇంట్లో నీళ్ళు తీసేశారు కానీ గోడల మీద మట్టి చార అలాగే ఉంది. మహేందర్ అయిదుగురు మనుషులతో, మూడు బియ్యం బస్తాలతో దిగాడు. సీతారాములు మైసయ్యను గడప ముందు నిలబెట్టి, అండాలును పిలిచాడు.

"రా అమ్మా. నీ మొగడు వచ్చిండు గద. దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకో. నవ్వు. కండ్లల్ల నీళ్లు గూడ ఉంటె ఇంక మంచిగుంటది."

అండాలు కొంగు నడుముకు చుట్టుకుని వచ్చింది. చెయ్యి పట్టుకోలేదు. సీతారాములు వైపు తిరిగి నిలబడింది.

"మొన్న ఏడ్వమంటె ఏడ్చిన. ఇయ్యాల నవ్వమంటున్నవ్. రేపేం జెయ్యమంటవ్?"

"అరె, గట్లగాదు..."

"ఆగు. అందరు ఇనుండ్రి." ఆమె గొంతు వీధి చివరిదాకా వినబడింది. "ఆ దినం నేను మిద్దె మీద ఉన్న. దిగిరా అన్నడు. దిగిన. నీళ్లు మోకాళ్ల దాకనే ఉన్నయి. కూసో అన్నడు, నడుం దాకా కనబడాలంట. కూసున్న. ఏడ్వమన్నడు. నాకు ఏడ్పు రాలే. మీ ఆయన యాడున్నడని అడిగిండు. బాటసింగారం పోయిండు, ఫోన్ కలుస్తలేదన్న. అప్పుడేమన్నడో తెల్సా? ‘అటుదిక్కు చానమంది కొట్టుకపోయిన్రంట, నీ మొగడు ఉన్నడో లేడో’ అన్నడు. అనుకుంటనే బటన్ ఒత్తిండు. పక్కింటోళ్ల కుర్చీ తెచ్చి నీళ్లల్ల దొబ్బిండు."

మహేందర్ తన బూట్లకు అంటిన మట్టి చూసుకున్నాడు. ఆమె లోపలికి వెళ్ళి తలుపు గట్టిగా వేసేసింది.

సీతారాములు ఒక్క క్షణం ఆ తలుపు వైపు చూశాడు. తర్వాత మహేందర్‌తో, "పరేషాన్ గాకండ్రి అన్నా, ఒక్కడున్నా ఫ్రేమ్ వస్తది," అన్నాడు. మైసయ్య చేతికి బస్తా అందిస్తున్నట్టు ఫొటో తీశాడు. మైసయ్య కెమెరా వైపు చూడలేదు, మహేందర్ వైపు చూడలేదు. మూసిన తలుపు వైపు చూశాడు. మర్నాడు పేజీలో అతని మొహం సగం కత్తిరించాం. బస్తా పూర్తిగా వచ్చింది. సవరణ లోపలి పేజీ అడుగున వేశాం. ‘పొరపాటున’ అనే మాటతో మొదలయ్యే రెండు వాక్యాలు. వాటినీ నేనే రాశాను.

అండాలు చెప్పినదంతా ఆ సాయంత్రమే సాంబమూర్తి గారికి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకున్నారు. "తెలియందేముందిలే మధూ. ఇప్పుడు బయటికి లాగితే పోయేది మన పేపర్ పరువే కదా," అన్నారు.

మరుసటి ఏడాది ఆగస్టులో, ఫొటోగ్రఫీ దినోత్సవానికి ఒక సంఘం వాళ్ళు పోటీ పెట్టారు. అండాలు ఫొటోకు రెండో బహుమతి వచ్చింది. సీతారాములు కొత్త సఫారీ కుట్టించుకున్నాడు. అండాలును పిలవాలని ఎవరికీ తోచలేదు. వేదిక మీద శాలువా కప్పించుకుని, మైకు ముందు నిలబడి, కెమెరా ఎప్పుడూ అబద్ధమాడదన్నాడు. హాలంతా చప్పట్లు. మూడో వరసలో కూర్చున్న నేను కూడా కొట్టాను. పక్కన సాంబమూర్తి గారున్నారు మరి.

సీతారాములు పేపర్ ఉద్యోగం ముగిసింది ఆ చలికాలంలో. ఎల్బీనగర్‌లో మహేందర్ ఒక కమ్యూనిటీ హాలు ప్రారంభించాడు. హాలు ముందు చెక్కలతో తాత్కాలికంగా వేదిక కట్టారు. ఇరవై మందికి సరిపోయే వేదిక. సీతారాములుకు అది బోసిగా అనిపించింది.

"కాలనీ పెద్దలందరు పైకి రాండ్రి. అమ్మా, మీరు గూడ. ఇంక జర దగ్గరికి జరగాలె. వెనకోళ్లు కనబడ్తలేరు, ముంగటికి రాండ్రి."

నలభై మంది ఎక్కారు. చెక్కలు కిర్రుమన్నాయి. ఒకరిద్దరు దిగబోతే, కదలొద్దని కసిరాడు. ఒక ఫొటో తీసి, అది ఎలా వచ్చిందో కెమెరా వెనక తెరలో చూసుకోవడానికి తల వంచాడు. వేదిక మధ్యలో విరిగింది. నలభై మందీ శాలువాలతో, పూలదండలతో, సోఫాలతో సహా లోపలికి జారిపోయారు. ఎవరి ప్రాణానికీ ప్రమాదం రాలేదు. మహేందర్ కాలి మీద సోఫా పడి ఎముక విరిగింది.

ఆ దృశ్యాన్ని అక్కడున్న చెరుకురసం బండివాడు తీశాడు. స్కూలు పిల్లలు తీశారు. మెట్రో మెట్లు దిగుతున్నవాళ్ళు తీశారు. సాయంత్రానికల్లా ఊరంతా ఫోన్లలో చూసి నవ్వింది. సీతారాములు కెమెరా కార్డులో మాత్రం రెండే ఫొటోలు. ఒకదాన్లో నలభై మంది నవ్వుతున్నారు. రెండోదాన్లో షామియానా అంచు, కాస్త ఆకాశం.

సాంబమూర్తి గారు ఆ రెండో ఫొటోను చాలాసేపు చూశారు. "నువ్వే ఎక్కించావు. నువ్వే పడేశావు. కనీసం పడేటప్పుడైనా ఆ బటన్ నొక్కొచ్చు కదయ్యా!"

"చెప్పకముందే పడిపోయిన్రు సార్," అన్నాడు సీతారాములు.

ఆ మాట వెటకారంగా అనలేదు. ఆయనకు నిజంగానే అన్యాయం జరిగినట్టుంది.

ఆ నెలాఖరున జోన్ ఆఫీసు మూసేశారు. మమ్మల్ని హెడ్డాఫీసుకు రమ్మన్నారు, సీతారాములును రావద్దన్నారు. ఫొటోలు ఇప్పుడు అందరూ పంపుతున్నారు కదా అన్నారు. చివరి రోజు ఆయనకు శాలువా కప్పే ఆలోచన ఎవరూ చెయ్యలేదు. ఆయన దిగులుపడుతూ కూర్చోనూ లేదు. అప్పటికే మహేందర్ ప్రైవేటు ఆసుపత్రి మంచం మీద నుంచి ఆయనను పిలిపించుకున్నాడు. ఆ వార్త రాయడానికి వెళ్ళి నేను కళ్ళారా చూశాను. సీతారాములు కట్టు వేసిన కాలిని రెండు దిండ్ల మీదికి ఎత్తించి, మహేందర్ చేతికి ఫైళ్ళు ఇచ్చి, పక్కన ఒక నర్సును నిలబెట్టాడు.

"నొప్పి కనబడాలె అన్నా. కాని ధైర్యం గూడ కనబడాలె."

మహేందర్‌కు ఆ ఫొటో ఎంత నచ్చిందంటే, కాలు విరగ్గొట్టినవాడినే కొలువులో పెట్టుకున్నాడు. ఇప్పుడు సీతారాములు ఆయన పుట్టినరోజు ఫ్లెక్సీలు, ఫేస్‌బుక్ పేజీ చూసుకుంటున్నాడు. ఒళ్ళు చేశాడు. పేపర్లో కంటే మర్యాద ఎక్కువుందని నాతోనే అన్నాడు. ఇక్కడ ఎవరూ సవరణ అడగరట.

మొన్న ఎండాకాలంలో చంపాపేట రోడ్డు మీద, కూరగాయల బండి దగ్గర అండాలు కనబడింది. నేనే పలకరించాను. గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. తిరుపతమ్మ ఇప్పుడు వాళ్ళ దగ్గరే ఉంటోందట. లేచి నడుస్తోంది కానీ ఎడమ చెయ్యి ఇంకా స్వాధీనంలోకి రాలేదు. అన్నం కుడిచేత్తో తింటుంది, జడ మాత్రం అండాలే వేస్తుంది.

"ఆ ఫొటో సార్ ఏం జేస్తుండు?" అని అడిగింది.

చెప్పాను.

"మంచిగనే ఉన్నడన్నట్టు," అంది టమాటాలు ఏరుకుంటూ.

నాకు అప్పుడు చెప్పెయ్యాలనిపించింది. "ఆ ఫొటో కింద మైసయ్య పోయాడని రాసింది నేనే," అన్నాను.

ఆమె చెయ్యి ఆగింది. నా మొహంలోకి చూసింది. ఏదో తిడుతుందని, తిడితే బాగుండునని అనుకున్నాను.

"నాకు సదువు రాదు సార్," అంది. "గా సంగతి మా ఆయనతోని చెప్పుండ్రి. నాలుగింటికి ఇంటికొస్తడు."

టమాటాలు తూకం వేయించుకుని, సంచి భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది. అప్పుడు మూడున్నర. ఆమె ఇల్లు అక్కడికి పది నిమిషాల దూరం. నేను బండి స్టార్ట్ చేసి ఆఫీసు వైపు వెళ్ళిపోయాను. ఆ తర్వాత కూడా ఎన్నోసార్లు ఆ దారిన వెళ్ళాను, మైసయ్య ఇంటికి మాత్రం ఇంతవరకూ వెళ్ళలేదు.